లైన్లో ఎవరు

ఆయన పోయాడన్న కబురు నాకు ఒక్కో అక్షరంగా తెలిసింది.

నేను పనిచేసే కాలేజీ కంప్యూటర్ సెంటర్లో సర్వరు మొరాయిస్తే పాత ఆఫీసు రోజుల నుంచీ నాకు తెలిసిన హైదరాబాదు ఇంజనీరు సాయం అడగడం మాకు మామూలు. ఫోనులో వివరాలు చెప్పుకుంటూ కూర్చుంటే సగం పొద్దు అక్కడే పోతుంది. అందుకని ఇద్దరం ఒకే సెషన్లోకి దిగుతాం. అంటే నా ముందు ఏ నల్లతెర ఉందో ఆయన ముందూ అదే ఉంటుంది. నేను కొట్టింది ఆయనకు కనిపిస్తుంది, ఆయన కొట్టింది నాకు కనిపిస్తుంది. ఆ రోజు పదకొండు గంటలకల్లా పని తేలింది. ఇక సెలవు చెప్పి బయటికి వద్దామనుకుంటుంటే తెర అడుగున అక్షరాలు వాటంతట అవే పడసాగాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మీ, కంట్రోలు, సారు, పోయారు. అంత వరకూ పడి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలి, గుంతకల్లులో, పోయిన వారం, అని పడింది.

నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, అనుమానం. ఈ ఇంజనీరుకు ఎలా తెలిసింది? వీళ్ళిద్దరికీ ఏం సంబంధం? ఈయన తప్పును ఆయనే కదా బయటపెట్టింది? ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ కూర్చున్నాను. కంట్రోలు సారే ఉండి ఉంటే, నా దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటన్నా మిగిలింది అనుకునేవాడు.

కంట్రోలు సారు అన్నది మేం పెట్టిన పేరు. అసలు పేరు నాకు తెలుసు గాని రాయను. తన పేరు పదిమంది నోట్లో పడడం ఆయనకు గిట్టదు. ఎదుటివాళ్ళు మాత్రం ముందు పేరు చెప్పాలి, తర్వాతే మాట. ఫోను మోగితే రిసీవరు ఎత్తి ఊరుకునేవాడు. హలో అనేవాడు కాడు. అవతలివాళ్ళు హలో హలో అని గొంతు చించుకుని, విసుగెత్తి తమ పేరు చెప్పాక, అప్పుడు తీరిగ్గా "చెప్పు" అనేవాడు.

ఇదంతా రెండు వేల రెండు, మూడు నాటి మాట. అనంతపురంలో మాదొక చిన్న ఆఫీసు. ఏ ఆఫీసో ఎందుకులెండి. జిల్లాలోని మండలాల నుంచి వాన కొలతలు వస్తే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. వేరే జిల్లాల్లో అయితే ఇదొక పని కింద లెక్క కాదు. మా జిల్లాలో అలా కాదు. ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నదాన్ని బట్టి అది కరువు మండలాల జాబితాలోకి ఎక్కుతుందో లేదో తేలుతుంది. కాబట్టి ఆకాశం కురవకపోయినా, మా గదిలో మాత్రం వాన గురించి కీబోర్డులు పొద్దస్తమానం టకటకలాడుతూ ఉండేవి.

నేను కంప్యూటర్ కోర్సు చేసి కాంట్రాక్టు మీద చేరిన ఆపరేటర్ని. మా ఊరు శింగనమల దాటాక లోపలికి ఉంటుంది. రోజూ బస్సు. మా ఇంటికి చెనక్కాయ చేను, అదే వేరుశనగ, కాకుండా ఇంకో ఆధారం అంటే నా ఈ ఉద్యోగమే. ఆరు నెలలకొకసారి కాగితం పొడిగిస్తారు. పొడిగించకపోతే ఇంటికి. ఆ భయం నాకు అన్నంలో రాయిలాగ రోజూ తగులుతూనే ఉండేది.

ఆయన కూడా కాంట్రాక్టు మీదే ఉన్నాడు, కాని ఆయన తీరు వేరు. గుంతకల్లులో రైల్వే కంట్రోలు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యి, ఆ వయసులో కంప్యూటర్ నేర్చుకుని, మా సర్వరుకు కాపలాదారుగా వచ్చాడు. రోజూ గుంతకల్లు నుంచి రైల్లో వచ్చేవాడు. వచ్చీ రాగానే కుర్చీలో కూర్చునేవాడు కాదు. ముందు కీబోర్డు మీదికి వంగి, మీటల మధ్య తాను క్రితం సాయంత్రం పెట్టి వెళ్ళిన చెనక్కాయ పొట్టు ఉందో లేదో చూసుకునేవాడు. ఉంటే తీసి కిటికీలోంచి పారేసి కూర్చునేవాడు. ఒక్కోసారి ఫ్యాను గాలికి ఎగిరిపోయేది. అప్పుడు ఆ పొద్దంతా మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా పరీక్షించేవాడు.

కూర్చున్నాక మొదట కొట్టే మీట డబ్ల్యూ. ఆ ఒక్క అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే సర్వరు లోపల అప్పుడు ఎవరెవరు ఉన్నారో వరసగా చెబుతుంది. పనిలో ఉన్నా సరే, పావుగంటకొకసారి డబ్ల్యూ. టీ వస్తే డబ్ల్యూ, టీ తాగాక డబ్ల్యూ. టీ కూడా ముందు వాసన చూసి, టీ తెచ్చినతను ఒక గుక్క తాగితే గాని తాగనన్నట్టు అతని మొహంలోకి చూసి, అప్పుడు తాగేవాడు. టిఫిను డబ్బాకు చిన్న తాళం. పెరుగన్నానికి తాళమేంది సార్ అని ఒకసారి అడిగితే, తాళం అన్నానికి కాదు, డబ్బాకు, అన్నాడు.

మేఘాన్ని కూడా నమ్మేవాడు కాదు. జూలైలో ఒక రోజు పడమటి నుంచి నల్లగా కమ్ముకొస్తే ఆఫీసంతా వరండాలోకి పరుగెత్తాం. ఆయన కిటికీ దగ్గరే నిలబడి పైకి చూసి, "ఇది ఈడ నిలిచేది కాదు. త్రూ బండి," అన్నాడు. అన్నట్టే అది మా తల మీదుగా పోయింది, ఒక్క చుక్క రాల్చలేదు. మాకు మేఘం మీద రావలసిన కోపం ఆయన మీద వచ్చింది.

సెషన్ల సంగతి నాకు నేర్పింది ఆయనే. మా ఆఫీసంతటికీ లాగిన్ ఒకటే. దాని లోపల ఎవరి పేరుతో వాళ్ళకు ఒక సెషన్. హైదరాబాదు ఇంజనీరు కూడా ఫోను లైను మీద మోడెంతో అందులోకే వచ్చేవాడు. మా దగ్గర ఫోను లైను ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. తెగినా సెషన్ లోపల అలాగే బతికి ఉంటుంది, తిరిగి వచ్చి వదిలిన చోటే అందుకోవచ్చు. ఇంకొకరి సెషన్లోకి వెళ్ళాలంటే స్క్రీన్ అని కొట్టి, హైఫన్ ఎక్స్ పెట్టి, వాళ్ళ పేరు రాస్తే చాలు. ఇద్దరి ముందూ ఒకటే తెర.

నేర్పిన రోజు ఆయన తన బల్ల దగ్గర కూర్చుని నన్ను నా బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నా తెర మీద నేను ముట్టకుండానే అక్షరాలు పడడం చూసి నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "దయ్యం కాదు పాపా. దయ్యమైతే పేరు చెప్పదు. చదువు, నా పేరుండాది," అన్నాడు. చూస్తే నిజమే, మొదటి వరసలో ఆయన పేరు, ఆ పక్కన గుంతకల్లు అని ఉంది.

ఆ మర్యాద ఆయన రైల్వే నుంచి తెచ్చుకున్నది. కంట్రోలు ఫోను అంటే వరసగా ఉన్న స్టేషన్లన్నిటికీ ఒకటే తీగ. ఏ స్టేషన్లో రిసీవరు ఎత్తినా అందరి మాటలూ వినిపిస్తాయి. కాబట్టి ఎత్తినవాడు ముందు తన స్టేషను పేరు చెప్పాలి. చెప్పకుండా వినేవాణ్ణి ఆయన దొంగ అనే అనేవాడు. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది సార్ అని అడిగాను.

"గొంతు పలచబడతాది పాపా. లైన్లోకి ఒక చెవి ఎక్కువొస్తే మాట్లాడేవాని గొంతు రవ్వంత పలచనైతాది. ముప్పై ఏండ్లు నేను విన్నది ఆ పలచనే."

కంప్యూటర్లోనూ అలాంటిదొకటి ఉందని తర్వాత చూపించాడు. ఆయన తెర పెద్దది, మావి చిన్నవి. ఎవరైనా చిన్న తెరతో ఆయన సెషన్లోకి వస్తే ఆయన తెర మీద రాత కూడా ఆ చిన్న కొలతకు కుంచించుకుంటుంది. వరసలు విరిగిపోతాయి. అది చూపిస్తున్నప్పుడు ఆయన మొహంలో మొట్టమొదటిసారి సంతోషం చూశాను. లోకంలో ఎక్కడికి పోయినా దొంగచెవికి ఒక గుర్తు ఉంటుందని తేలినందుకు కాబోలు.

ఇంత నేర్పిన మనిషి మీద నాకు గౌరవం పెరగాలి. పెరిగింది అనుమానం. ఆయన తన తెరను గోడ వైపుకు తిప్పుకుని కూర్చునేవాడు. ఎవరైనా దగ్గరికి వస్తే ఏదో మీట నొక్కి దాచేసేవాడు. మా ఆఫీసరు గదిలోకి వారానికొకసారి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. మా మీద చాడీలు రాస్తున్నాడని గదిలో గుసగుసలు. కాంట్రాక్టు పొడిగింపు దగ్గరపడుతోంది. నా గురించి ఏం రాస్తున్నాడో చూడాలనిపించింది.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వరండాలోకి వెళ్ళారు. గదిలో ఆయనా నేనూ మిగిలాం. ఆయన గోడ వైపు తెరలో మునిగి ఉన్నాడు. నేను స్క్రీన్ అని కొట్టి, హైఫన్ ఎక్స్ పెట్టి, ఆయన పేరు రాసి, ఎంటర్ నొక్కాను. నా పేరు కొట్టలేదు.

చాడీలు ఏమీ లేవు. గుంతకల్లు నుంచి అనంతపురం దాకా స్టేషన్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. ప్రతి పేరు పక్కన ఆ పొద్దున ఆయన ఎక్కి వచ్చిన బండి ఎన్నింటికి వచ్చిందో, ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎందుకు ఆగిందో. పైకి జరిపితే నిన్నటిది, మొన్నటిది కూడా ఉన్నట్టుంది. రిటైరయ్యాక కూడా ఆ మనిషి ఇంకా బండి నడుపుతూనే ఉన్నాడు. చదివినంత సేపు నాలుగు క్షణాలు ఉంటుందేమో. అంతలో ఆయన చేతులు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయన తెర కుంచించుకుని ఉంటుందని.

నా తెర మీద అక్షరాలు పడ్డాయి. ఎవరది లైన్లో?

అవి పడిన చోట కర్సరు కొట్టుకుంటూ ఉంది. జవాబు కోసం కాచుకుని ఉంది. నాలుగు అక్షరాలు కొడితే అయిపోయేది. కొట్టలేదు, బయటికి వచ్చేశాను. ఆయన లేచి గదంతా చూసేసరికి నేను టిఫిను డబ్బా ముందు పెట్టుకుని చింతకాయ తొక్కు అన్నంలో కలుపుతున్నాను. ఆయన నా దగ్గరికి రాలేదు, ఏమీ అడగలేదు. నా చేతి వంక మాత్రం చూశాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాను.

మరుసటి రోజు నుంచి నన్ను పాపా అనడం మానేసి ఏమండీ అన్నాడు. ఇంట్లో వాళ్ళకంటే ఎక్కువసార్లు పాపా అని పిలిచిన మనిషి అలా అండీ తగిలిస్తే ఎంత దూరం అవుతుందో నాకు తెలిసింది. అయినా పట్టుదలకు పోయాను. ఆయన అనుమానపు పక్షి, నాదేం తప్పు అని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత మూడు నెలలకు అసలు సంగతి జరిగింది.

కొలతలు ఎక్కించే ప్రోగ్రాములో దశాంశ బిందువు సరిగా పడడం లేదు. సాయంత్రం ఇంజనీరు నా సెషన్లోకి వచ్చాడు. ఫోను లైను మోడెంకు పోయింది కాబట్టి మాటలకు వేరే దారి లేదు. మేం ఇద్దరం ఒక ఉపాయం కనిపెట్టుకున్నాం. ప్రతి మండలం ఎదుట రిమార్కులు అని ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో మాట రాయడం, అవతలివాళ్ళు చదివాక చెరిపేయడం. అప్పటికి మా మండలం కొలత తెర మీద ఉంది. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. ఇంజనీరు రిమార్కుల గడిలో, మీ ముసలాయన చూస్తున్నాడా, అని రాశాడు. ఆ గద్ద ఈ గది వదిలిపోతేనే మాకు గాలి ఆడేది, అని నేను రాశాను. చెరిపేశాను. బస్సు టైమైంది, వెళ్తాను, అని రాశాను. మీరు వెళ్ళండి నేను చూసుకుంటా, అని ఆయన రాశాడు. అదీ చెరిగిపోయింది. నేను సెషన్ను అలాగే వదిలి బస్సుకు పరుగెత్తాను.

తర్వాతి వారం పైనుంచి ఫోను. మా మండలం కాగితంలో ముప్పై ఎనిమిది ఉంటే కంప్యూటర్లో ఎనిమిది ఉంది. దాంతో మా మండలం కరువు జాబితాలోకి ఎక్కి కూర్చుంది. మార్చింది నా ఆపరేటర్ నంబరుతో, సాయంత్రం ఐదు దాటి ఇరవై నిమిషాలకు. నేను ఐదుంపావు బస్సులో ఉన్నాను సార్ అన్నాను. ఆఫీసరు హాజరు పుస్తకం తీశాడు. అందులో నేను ఐదున్నరకు వెళ్ళినట్టు సంతకం ఉంది.

ఉండదా మరి? మా ఆఫీసులో వచ్చే సంతకంతో పాటు పోయే సంతకం కూడా పొద్దున్నే పెట్టేస్తాం. బస్సులవాళ్ళం, సాయంత్రం వరసలో నిలబడితే బండి పోతుంది. ఏళ్ళ తరబడి అదే ఆచారం. ఆ మాట ఆఫీసరు ముందు చెప్తే గదిలో ఉన్నవాళ్ళందరి సంతకాలూ దొంగవే అవుతాయి. అందుకని ఎవరూ నోరు మెదపలేదు. నేను వెళ్ళడం చూసినవాళ్ళు కూడా నేల చూశారు. వాళ్ళను తప్పు పట్టను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నేలే చూసేదాన్ని. ఇంజనీరును ఫోనులో అడిగితే, బిందువు సరిచేసి వచ్చేశాను, ఇంకేం గుర్తు లేదు అన్నాడట.

ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "సొంత ఊరి మీద ప్రేమ ఉండొచ్చమ్మా, కాదనను. కానీ ఇలా చేస్తావనుకోలేదు," అన్నాడు. మూడు రోజుల్లో జవాబు రాసి ఇమ్మన్నాడు. లేకపోతే కాంట్రాక్టు రద్దని రాస్తానన్నాడు.

ఆ సంగతి నాకంటే ముందే ఊరికి చేరింది. బస్సు దిగితే, రచ్చకట్ట మీద కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి వచ్చి, "మంచి పని చేసినావు పాపా. మన చదువుకున్నోళ్ళు మనకు పనికొచ్చేది ఎప్పుడు మళ్ళా," అన్నాడు. ఆఫీసు నన్ను దొంగ అన్నప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. ఇంట్లో మా నాయన అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, చేసినావా అని అడిగాడు. లేదన్నాను. సరే అన్నాడు, కానీ నా మొహంలోకి ఇంకొంచెం సేపు చూశాడు. ఆ చూపు నేను ఆఫీసులో రోజూ చూసేదే.

మూడో రోజు నేను ఆఫీసరు ముందు నిలబడి ఉన్నాను. నా చేతిలో జవాబు కాగితం ఉంది గాని అందులో లేదు, కాదు అనే మాటలు తప్ప ఏమీ లేవు. అప్పుడు కంట్రోలు సారు లోపలికి వచ్చాడు. చేతిలో ప్రింటరు కాగితాల మడత, అంచుల్లో రంధ్రాలు కూడా చింపలేదు. బల్ల మీద పెట్టి, ముందు తన పేరు చెప్పాడు. తర్వాత గుంతకల్లు అన్నాడు. ఆఫీసరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఆ పొద్దు ఈ పాప లైన్లో నేను ఉండా సార్. పేరు చెప్పకుండా ఉండా. మూడు నెలల నుంచి ఉండా. తెర మీద పడిందంతా రికార్డయింది, చదువుకోండి."

ఆఫీసరు చదివాడు. మేం రాసి చెరిపినవి తెర మీద చెరిగాయి గాని ఆ కాగితం మీద చెరగలేదు. అక్షరం వెనుక అక్షరం అన్నీ ఉన్నాయి. ఆ గద్ద ఈ గది వదిలిపోతేనే అన్న దగ్గర ఆఫీసరు ఒక క్షణం ఆగి తల ఎత్తి ఆయన వైపు చూశాడు. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆ కాగితం ఒక్కటి తీసేసి తెచ్చి ఉండొచ్చు. తీయలేదు. కింద నా బస్సు మాట ఉంది, ఇంజనీరు మాట ఉంది, ఆ తర్వాత ముప్పై ఎనిమిది తీసి ఎనిమిది పెట్టడం ఉంది. అంతటితో ఆగిపోయింది. బిందువు సరిగా పడుతుందో లేదో చూడడానికి ఇంజనీరు ఒక అంకె కొట్టి, తిరిగి పాతది పెట్టేలోపు ఫోను లైను తెగింది. ఆయన మరిచిపోయాడు. కాగితాలు చదివి వినిపించాక ఇంజనీరు ఫోనులోనే ఒప్పుకున్నాడు.

నా ఉద్యోగం నిలిచింది. ఆఫీసరు ఆయనను అడిగాడు, ఇంకా ఎవరెవరి సెషన్లు చూశారని. ఈ పాపది ఒకటే అన్నాడు. ఎందుకని అడిగితే అనుమానం సార్ అని ఒక్క మాట చెప్పాడు. అనుమానం ఎందుకు కలిగిందో చెప్పలేదు. ఇది పద్ధతి కాదు కదా అని ఆఫీసరు నసుగుతుంటే, ఆయనే అందుకుని, చెప్పకుండా విన్నోణ్ణి మా లైన్లో ఉంచరు సార్, నేను పోతాండా, అన్నాడు. ఆ పొద్దే తాళాలు అప్పగించాడు.

నేను వరండా మెట్ల దగ్గర ఆయనను పట్టుకున్నాను. కృతజ్ఞత చెప్పడానికి కాదు, దెబ్బలాడడానికి. మూడు నెలలు నేను కొట్టిన ప్రతి అక్షరం ఈయన చదివాడన్న ఆలోచనతో ఒళ్ళు మండిపోతోంది. నా తెర ఎందుకు కుంచించుకోలేదు సార్ అని అడిగాను. తన తెరను నా తెరంత చిన్నది చేసుకుని వచ్చేవాడట. మూడు దినాలు కాగితాలు చేతిలో పెట్టుకుని ఎందుకు ఊరుకున్నారన్నాను.

"చదివినా. నువ్వే చేసింటావేమోనని ముందు నుంచి, వెనక నుంచి చదివినా. దొరకలా," అన్నాడు. మళ్ళీ తనే, "నీ మీద నమ్మకం ఉండింటే నీ ఉద్యోగం పోయుండు పాపా," అన్నాడు.

మూడు నెలల తర్వాత పాపా అన్నాడు. ఆయన టిఫిను డబ్బా సంచిలో సర్దుకుని, తాళం వేసి ఉందో లేదో తడిమి చూసుకుని, రెండు మెట్లు దిగి ఆగాడు.

"ఆ మధ్యాహ్నం నా లైన్లోకి వచ్చింది ఎవురు?"

ఇప్పుడు తలుచుకుంటే ఆయన అడిగిన తీరులో అనుమానం లేదు. తెలిసే అడిగాడు. నేను చెప్పడమే ఆయనకు కావలసింది. తన తప్పు అప్పుడే ఆఫీసరు ముందు పేరుతో సహా చెప్పుకుని వచ్చాడు, నా వంతు వచ్చింది, అంతే. పక్కన ఎవరూ లేరు. ఉద్యోగం నిలిచే ఉంది. అయినా నా నోరు, "నాకు తెల్దు సార్," అంది.

సరే పాపా అన్నాడు. గేటు దాటి స్టేషను వైపు నడిచాడు. ఆటో పిలిస్తే ఆగలేదు. ఆటోలవాళ్ళ మీద కూడా ఆయనకు అనుమానమే. ఆ తర్వాత నేను ఆయనను చూడలేదు. గుంతకల్లు ఎంత దూరం, గంటన్నర ప్రయాణం. బండి ఆ ఊరి మీదుగా పోయినప్పుడు కూడా దిగలేదు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉందని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. ఆయన మళ్ళీ అదే మాట అడుగుతాడని భయం.

ఇవన్నీ మనసులో తిరుగుతుంటే తెర మీద ఇంజనీరు కొడుతూనే ఉన్నాడు. ఆ గొడవ తర్వాత తానే సిగ్గుపడి ఒకసారి గుంతకల్లు వెళ్ళి కలిశాడట. తలుపు తీయడానికే పది నిమిషాలు పట్టిందట. అప్పటి నుంచి ఆదివారాలు ఇద్దరూ ఒకే సెషన్లో కూర్చుని రైళ్ళ చార్టు గీసే ప్రోగ్రాము ఒకటి రాసుకున్నారట. తాను పేరు కొట్టకపోతే ఆయన ఒక్క అక్షరమైనా కదిపేవాడు కాదట. చివరికి ఇంజనీరు ఇంకొక మాట కొట్టాడు. మీ గురించి ఒక్కసారే అడిగారు, ఆ పాప ఇంకా లైన్లో ఉండాదా అని.

ఉన్నానని చెప్పారా, అని కొట్టాను.

చెప్పాను, అని పడింది.

ఇంజనీరు సెలవు తీసుకుని సెషన్లోంచి వెళ్ళిపోయాడు. అంత వరకూ ఆయన చిన్న తెర కొలతకు ముడుచుకుని ఉన్న నా తెర మళ్ళీ అంచుల దాకా పరుచుకుంది. నేను డబ్ల్యూ కొట్టాను. లోపల నా పేరు ఒక్కటే ఉంది. ఇంకోసారి కొట్టాను, నా పేరే.

అప్పుడు కొత్త వరసలో నా పేరు కొట్టాను. దాని పక్కన మా ఊరి పేరు కొట్టాను. ఆ మధ్యాహ్నం లైన్లోకి వచ్చింది నేనే సార్, అని రాసి ఎంటర్ నొక్కాను. సర్వరు దాన్నీ ఆజ్ఞే అనుకుంది, ఆ పేరుతో కమాండు ఏదీ దొరకలేదని కింద జవాబు పడింది. కాలేజీ పిల్లలు లోపలికి వస్తున్నారని కూడా చూడకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను.